ముందు అరుపు

చిలకమ్మ చప్పుడు చెయ్యకుండా వెనకనుంచి వచ్చి, ఎల్లమ్మ పమిటకొంగు చేతికి రెండు చుట్లు చుట్టుకుని ఒక్క గుంజు గుంజింది. నూకలు చెరుగుతున్న ఎల్లమ్మ చేట వదిలేసి వెల్లకిలా పడబోయి, నిలదొక్కుకోలేక మోకాళ్ళమీద కూలబడింది. చీర పీకకు బిగిసి నోట మాట రాలేదు.

"బెల్టు పట్టేసింది!" అని కేకపెట్టింది చిలకమ్మ.

పొద్దున్న ఏడు కావస్తోంది. ఇంజను ఇంకా వెయ్యలేదు. మిల్లులో ఊడుస్తున్న ఆడవాళ్ళు పదిమందీ చేతుల్లో ఉన్నవి ఎక్కడివక్కడ పారేసి పరుగెత్తారు. ఒకతె దూలానికి వేలాడగట్టిన రైలుపట్టా ముక్కను ఇనపకడ్డీతో టంగుటంగుమని బాదింది. ఒకతె గుంజకు గుచ్చి ఉన్న కొడవలి లాక్కుంది. ఇద్దరు వచ్చి ఎల్లమ్మ నడుం చుట్టూ చేతులు వేసి నేలకేసి బిగబట్టారు. వెదురుకర్ర అందుకోవలసిన మనిషి మాత్రం మూలకు పరుగెత్తి, అక్కడ గోడ తప్ప ఏమీ కనపడకపోయేసరికి చేతులు వేలాడేసుకుని నిలబడిపోయింది.

చిలకమ్మ కొంగు వదిలి ఆ మనిషి దగ్గరకు వెళ్ళి, చింతబరికెతో పిక్కలమీద చురుక్కుమనేలా ఒకటి వేసింది.

"కర్ర లేదత్తా," అందామె ఏడుపు గొంతుతో.

"లేకపోతే లేదని అరవాలి. నువ్వట్టా నిలబడితే ఎల్లి పీక తెగుద్ది."

గుడివాడలో గూడ్సు షెడ్డు వెనక కోదండరామయ్యగారి రైసుమిల్లులో ఇది రోజూ జరిగేదే. కాకపోతే ఏ రోజు, ఏ వేళప్పుడు, ఎవరి కొంగు అన్నది చిలకమ్మకు తప్ప ఇంకెవరికీ తెలియదు. మూడు నెలలయినా నిండని కొత్తవాళ్ళకు రోజుకు రెండుసార్లు కూడా పడేది. ఎల్లమ్మ నందివాడ అవతలనుంచి వచ్చి తొమ్మిది రోజులయింది. ముప్ఫయ్యేళ్ళ మనిషి, మొగుడు పోయినది. ఈ తొమ్మిది రోజుల్లో ఆమె మెడమీద చీర ఒరుసుకున్న గీతలు మూడు కమిలి ఉన్నాయి.

చిలకమ్మకు యాభై దాటి ఉంటాయి. పేరుకు తగ్గ మనిషి కాదు. పొడుగ్గా, ఎముకల గూడులా, చెక్కిళ్ళు లోపలికి పోయి, తవుడు దుమ్ము పట్టీ పట్టీ కనుబొమలు బూడిదరంగుకు తిరిగి ఉండేది. చీర గోచీ పోసి కట్టి, కొంగు వీపుమీదనుంచి తెచ్చి బొడ్లో గట్టిగా దోపేది. జుట్టు ముడిచి పాతగుడ్డతో బిగించి కట్టేది. తనలాగే అందరూ కట్టాలి. కట్టు వదులైతే బరికె. ముడి జారితే బరికె. ఆమెను మిల్లులో కొత్తవాళ్ళు దెయ్యం అనేవాళ్ళు, పాతవాళ్ళు అత్తా అనేవాళ్ళు. దెయ్యంనుంచి అత్తకు రావడానికి సామాన్యంగా ఆరు నెలలు పట్టేది.

కర్ర ఎక్కడికి పోయిందో కనుక్కోవడానికి ఆమె పెరట్లోకి వెళ్ళింది. కళ్ళంలో ధాన్యం ఆరబోసి ఉంది. మాఘమాసం వెళ్ళిపోయినా రెండు రోజులుగా సముద్రంవైపునుంచి మబ్బు పట్టి సన్నగా తుంపర పడుతోంది. ధాన్యంమీద పరదా కప్పించి, నీళ్ళు నిలవకుండా నడిమధ్య ఎత్తుగా పోటు పెట్టించాడు మేస్త్రీ యలమంద. ఆ పోటు చిలకమ్మ కర్రే.

అది మామూలు కర్ర కాదు. నిలువున్నర పొడుగున్న ముదురు వెదురు. కొసన పంగ ఉంది. దాని పని బెల్టును జార్చడం. ఇంజను గది మిల్లుకు గోడ అవతల ఉంది. అక్కడ ఉండే డ్రైవరు యేసుదాసుకు ఆ రొదలో మనిషి అరుపు వినపడదు. ఇనుముమీద ఇనుము పడితేనే వినపడుతుంది. విని అతను ఇంజను కట్టేసినా, మనిషెత్తు చక్రం ఊపు తీరేదాకా తిరుగుతూనే ఉంటుంది. ఈలోగా బెల్టు మనిషిని మింగడానికి కావలసినంత వ్యవధి. అందుకని పక్కనుంచి కర్రతో పొడిచి బెల్టును చక్రంమీదనుంచి తోసెయ్యాలి. దూరంనుంచి తొయ్యాలి. జారిన బెల్టు ఎటు కొడుతుందో దాన్ని చేసినవాడు కూడా చెప్పలేడు.

చిలకమ్మ పరదా కిందకు వంగి కర్ర పట్టుకుంది.

యలమంద అది చూసి వచ్చాడు. నలభై ఏళ్ళవాడు. బస్తాలు మోసే పనిలోంచి మేస్త్రీ అయినవాడు గనక మెడ ఎద్దు మెడలా ఉండేది. ఆ మెడలో ఎర్రంచు కండువా ఎప్పుడూ వేలాడుతూ ఉండేది. కండువా లేకపోతే తననెవరన్నా మళ్ళీ బస్తా ఎత్తమంటారని అతని భయమని ఆడవాళ్ళు చాటుగా నవ్వుకునేవాళ్ళు. చిలకమ్మ ఆటలవల్ల మిల్లు రోజూ పావుగంట ఆలస్యంగా మొదలవుతోందని అయ్యగారు అతన్నే నిలదీసేవాడు. నిన్న కూడా నిలదీశాడు.

కర్ర వదలమన్నాడు యలమంద. ఇది పోటుకోసం కొన్నది కాదని, తన మొగుడు బతికుండగా తోట్లవల్లూరు లంకల్లోనుంచి ఏరి కోసుకొచ్చిందని చెప్పింది చిలకమ్మ. మిల్లులో ఉన్న పుల్లా పుడకా అయ్యగారివేనన్నాడతను. ఆమె వదల్లేదు. పెనుగులాటలో పరదా జారి, దానిమీద నిలిచిన నీళ్ళన్నీ ధాన్యంలోకి దబ్బున పోయాయి. యలమంద ముఖం నల్లబడింది. కర్ర ఊడలాక్కుని, ఎత్తి, ఆమె ఎడమ భుజంమీద ఒక్కటి కొట్టాడు. వెదురు ఎముకమీద పడ్డ చప్పుడు గుమ్మంలో నిలబడ్డ ఆడవాళ్ళందరికీ వినపడింది.

చిలకమ్మ కూలబడలేదు. కాసేపు భుజం పట్టుకుని నిలబడి, "మేస్త్రీగారూ, కండువా లోపలికి దోపుకోండి," అని లోపలికి వెళ్ళిపోయింది. అతన్ని చూసినప్పుడల్లా ఆమె ఆ మాట అనేది. అతను అనిపించుకునేవాడేగాని దోపుకునేవాడు కాదు.

ఇంజను మొదట దగ్గి, తర్వాత గర్జించింది. పైన దూలాల వెంబడి మిల్లు పొడుగునా ఉన్న ఇనప షాఫ్టు తిరగడం మొదలుపెట్టింది. దానిమీదనుంచి కిందికి అయిదు బెల్టులు, ఒక్కొక్కటి రెండు జానల వెడల్పు. అవి గాలిని కోస్తూ పోతుంటే పక్కన నిలబడ్డవాళ్ళ చీరలు వాటివైపే ఎగిరేవి. నేల అదిరేది. పళ్ళు అదిరేవి. తవుడు పొగలా లేచి, రెండు బారల దూరంలో మనిషి మసకబారిపోయేవాడు. ఆ హోరులో మాట మాట్లాడాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి.

పదిహేడేళ్ళ కిందట, యుద్ధం రోజుల్లో, ఆ మూడో బెల్టు దగ్గరే వీరలక్ష్మి పోయింది. వీరలక్ష్మి చిలకమ్మకు తోడికోడలు. అన్నదమ్ములిద్దరూ పెళ్ళాలను తీసుకుని కోడూరునుంచి పని వెతుక్కుంటూ వచ్చి ఈ మిల్లులో చేరారు. మొగవాళ్ళు బస్తాలకు, ఆడవాళ్ళు చెరుగుడుకు. వీరలక్ష్మికి అప్పటికి ఇరవై రెండేళ్ళు, చంకలో రెండేళ్ళ పిల్ల.

ఆ రోజు వడ్లు ఆడే హల్లరు కింద చేరిన నూకలు ఎత్తడానికి వంగింది. బెల్టు కొంగు పట్టుకుంది. పట్టుకుని ఆమెను నేలమీదనుంచి లేపేసింది. పైకి తీసుకుపోయి, దూలానికి కొట్టి, కిందకు తెచ్చి, మళ్ళీ పైకి తీసుకుపోయింది. మొగవాళ్ళలో కొందరు బయటకు పరుగెత్తారు. కొందరు కాళ్ళు పట్టుకు లాగారు, దాంతో మరీ ఘోరమైంది. అప్పటి ఇంజను డ్రైవరు టీకొట్లో ఉన్నాడు. అతను వచ్చేసరికి కుడిచెయ్యి ధాన్యం రాశిలో పడి ఉంది, మిగిలిన మనిషి షాఫ్టుకు చుట్టుకుని ఉంది. ఆ పూట ఆడిన బియ్యం రెండు బస్తాలు ఎర్రబడ్డాయని కాలవలో పోయించారు. మర్నాడు పొద్దున్నే మిల్లు మళ్ళీ తిరిగింది.

దినవారాలు అయ్యాక చిలకమ్మ పనిలోకి వస్తూ ఇంట్లో ఉన్న కొడవలి తెచ్చి గుంజకు గుచ్చింది. ఎందుకని ఎవరూ అడగలేదు. తర్వాత గూడ్సు షెడ్డు గోడ పక్కన పారేసిన పట్టా ముక్క అడిగి తెచ్చి వేలాడగట్టింది. తర్వాత బరికె పట్టింది. దెబ్బలు తిన్నవాళ్ళు కొందరు పని మానేశారు. ఒకామె మొగుడు మిల్లుకొచ్చి, అందరి ఎదుటా చిలకమ్మ చెంప పగలగొట్టి పోయాడు. మర్నాడు చిలకమ్మ వాచిన దవడతో వచ్చి, అతని పెళ్ళాం కొంగే మొట్టమొదట లాగి చూసింది.

వీరలక్ష్మి మొగుడు దివిసీమకు వెళ్ళిపోయి మళ్ళీ రాలేదు. పిల్ల నాంచారమ్మను చిలకమ్మే పెంచింది. తనకు పిల్లలు లేరు. నిరుడే కోడూరు సంబంధం చేసి పంపింది. తన మొగుడు పున్నయ్య అంతకు ముందే విషజ్వరంతో పోయాడు. పిల్ల వెళ్ళాక గుడిసెలో ఆమె ఒక్కతే. సాయంత్రం పొయ్యి వెలిగించినా ఒకటే, వెలిగించకపోయినా ఒకటే అన్నట్టుండేది.

ఈ పదిహేడేళ్ళలో ఆ నేర్పు అక్కరకొచ్చింది రెండుసార్లే. ఒకసారి ఊకరాశి అంటుకుంది. ఇంకోసారి బెల్టు ఒక పిల్లతల్లి జడ పట్టింది. జుట్టు పోయింది, తల మిగిలింది. రెండేళ్ళ కిందట ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలిసి కోదండరామయ్యగారు ఎర్రరంగు బకెట్లు నాలుగు కొని ఇసక పోసి వేలాడదీయించాడు. ప్రమాదం వస్తే ఏం చెయ్యాలో కూలీలకు తెలుసా అని ఇన్‌స్పెక్టరు అడిగితే, యలమంద బస్తాల మనుషులను వరసగా నిలబెట్టి రెండు ముక్కలు అప్పజెప్పించాడు. చూడ్డానికి బాగుండరని ఆ పూట ఆడవాళ్ళను గోదాములో కూర్చోబెట్టారు. ఇన్‌స్పెక్టరు అవతలకు వెళ్ళిన వారానికి ఆ బకెట్లలో సున్నం కలిపారు.

మధ్యాహ్నం పన్నెండు దాటాక తుంపర పెరిగింది. గాలిలో చెమ్మకు మూడో బెల్టు చక్రంమీద జారడం మొదలుపెట్టింది. బెల్టు జారితే హల్లరు నీరసపడుతుంది, బియ్యంలో వడ్లు మిగులుతాయి. జారే బెల్టుకు పట్టు రావాలంటే దానిమీద గుగ్గిలం పొడి చల్లాలి. అది యేసుదాసు పని, ఇంజను ఆపి చెయ్యవలసిన పని. కానీ ఇంజను ఆపితే మళ్ళీ ఎత్తుకోవడానికి అరగంట. పొద్దున పోయిన పావుగంట యలమంద నెత్తిమీద ఉండనే ఉంది. అతను ఇంజను ఆపించకుండా గుగ్గిలం డబ్బా తానే తీసుకుని వచ్చాడు.

చిలకమ్మ అప్పుడు నాలుగో బెల్టు దగ్గర తవుడు గోతాంలోకి ఎత్తుతోంది. పొద్దుటి దెబ్బకు భుజం వాచి చెయ్యి పైకి లేవడం లేదు. తల తిప్పేసరికి యలమంద బెల్టు మీదకు వంగి ఉన్నాడు. మెడలో కండువా రెండు కొసలూ ముందుకు వేలాడుతున్నాయి. ఒక కొస గాలికి లేచి బెల్టువైపు నాలిక చాపినట్టు ఆడింది.

"కండువా!" అని అరిచింది చిలకమ్మ.

ఆ అరుపు బొడ్డు దగ్గరనుంచి వచ్చింది. హల్లరు రొదను చీల్చుకుని మిల్లు చివరనున్న ఎల్లమ్మకు వినపడింది. ఎల్లమ్మ ఎందుకో తెలియకుండానే చేట వదిలేసింది. యలమందకు కూడా వినపడింది. కానీ అతను విసుగ్గా ఇటు తిరిగాడు, వెనక్కి మాత్రం జరగలేదు.

బెల్టు కండువా కొస అందుకుంది. మరుక్షణం అతని తల చక్రానికి కొట్టుకుంది. ఆపుకోవడానికి కుడిచెయ్యి అడ్డం పెడితే ఆ చెయ్యి బెల్టుకూ చక్రానికీ మధ్యకు పోయింది. ఎముకలు చెరుకు గానుగలో పడ్డట్టు పటపటమన్నాయి. రక్తం బెల్టువెంట పైకి పోయి, షాఫ్టు చుట్టూ తిరిగి, వానలా అందరిమీదా పడింది. బస్తాల మొగవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ కొయ్యబారిపోయారు.

ఆడవాళ్ళు ఆగలేదు. ఆగితే బరికె పడుతుందని వాళ్ళ పిక్కలకు తెలుసు. పట్టా ముక్క టంగుటంగుమని మోగింది. ఇద్దరు రక్తంలో జారుతూనే పోయి యలమంద నడుం కరుచుకున్నారు. కొడవలి ఎల్లమ్మ చేతికి వచ్చింది. ఎలా వచ్చిందో ఆమెకు తర్వాత కూడా గుర్తు రాలేదు. యలమంద కళ్ళు బయటకు పొడుచుకొచ్చాయి, నాలిక వేలాడింది. కండువా తాడులా పేనుకుపోయి కంఠంలోకి దిగిపోయింది. ఎల్లమ్మ అతని గడ్డం కింద కొడవలి కొక్కెంలా దూర్చి ఒక్క లాగు లాగింది. గుడ్డ తెగింది. దాంతోపాటు చెంప కూడా తెగింది.

ఇక చెయ్యి. బెల్టు జారితేగాని చెయ్యి రాదు. కర్ర పెరట్లో పరదా కింద ఉంది.

చిలకమ్మ అటూ ఇటూ చూడలేదు. ధాన్యం నెరిపే చెక్కపలక కర్ర చేతికి దొరికింది. దాని పొడుగు బారెడు. ఆ పొట్టి కర్రతో ఆమె బెల్టుకు ఎంత దగ్గరగా వెళ్ళిందంటే, దాని గాలికి తలకు కట్టిన గుడ్డ ఊడిపోయింది. ఎడమ చెయ్యి లేవడం లేదని, కర్ర మొదలు పొట్టకు ఆనించుకుని, ఒంటి బరువంతా వేసి పక్కనుంచి తోసింది. ఒకసారి. రెండోసారి. మూడోసారికి బెల్టు చక్రం అంచుకు వచ్చి, ఊగి, జారిపోయింది. జారి, తోక తొక్కిన పాములా లేచి, అడ్డంగా వచ్చి ఆమె ఎడమ డొక్కలో కొట్టింది.

చిలకమ్మ అయిదడుగులు వెనక్కి పోయి తవుడు గోతాలమీద పడింది. హల్లరు ఆగింది. అవతల ఇంజను కూడా గురక తగ్గి, దగ్గి, ఆగింది.

ఇంత నిశ్శబ్దం పట్టపగలు ఆ మిల్లులో ఎవరూ ఎరగరు. ఆ నిశ్శబ్దంలో యలమంద అరవడం మొదలుపెట్టాడు. అరుస్తున్నాడంటే ఊపిరి ఉన్నట్టే. మోచేతి కింద చెయ్యి నుజ్జయిపోయింది. ఉన్నది చెయ్యి అనడానికి లేదు. ఎవరో తమ కొంగు చింపి జబ్బకు బిగించి కట్టారు. అదీ చిలకమ్మ నేర్పిందే. కోదండరామయ్యగారు కచేరీ గదిలోనుంచి చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చి, చూసి, గోడ పట్టుకున్నాడు. తన కారు బయటకు తీయించి, వెనక సీటులో యలమందను పడుకోబెట్టించి, ఆస్పత్రికి తానే వెంట వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ ఆడవాళ్ళందరికీ సోడాలు ఇప్పించమని గుమాస్తాకు చెప్పాడు. అలాంటి మాట ఆయన నోట అంతకుముందు ఎవరూ వినలేదు.

చిలకమ్మ అప్పటికే లేచి నిలబడింది. దెబ్బ ఎక్కడ తగిలిందని అందరూ అడిగారు. డొక్కలో కాస్త తగిలిందని, రక్తం ఏమీ లేదని చెప్పింది. చూపించింది కూడా. చర్మం కందింది, అంతే. నేలమీద రక్తం కడగమంది. వీళ్ళు నీళ్ళు తెచ్చి పోస్తుంటే, తాను వెళ్ళి ధాన్యం బస్తాల వరసకు ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది. పని వేళలో ఆమె కూర్చోవడం పాతవాళ్ళకు కొత్తగా అనిపించింది.

రెండు గంటలప్పుడు కారు తిరిగొచ్చింది. యలమంద చెయ్యి తీసేస్తారు గాని ప్రాణానికి భయం లేదన్నారట. కండువా ఇంకో నిమిషం ఉంటే మనిషి దక్కేవాడు కాదన్నారట. కోదండరామయ్యగారు చిలకమ్మ ఎదుటికి వచ్చి నిలబడ్డాడు. ఆమె లేవబోతే వద్దన్నాడు. రేపటినుంచి పొద్దున పావుగంట ఆమెదేనని, మొగవాళ్ళకు కూడా నేర్పమని, కర్రలు ఎన్ని కావాలంటే అన్ని కోయిస్తానని చెప్పాడు. చెప్పి, కాసేపాగి, బండ్లు బయట నిలబడి ఉన్నాయని, సాయంత్రంలోగా ఇంజను వెయ్యాలని కూడా చెప్పాడు. చిలకమ్మ తలూపింది. ఆమె పెదవులు సున్నం పూసినట్టున్నాయి. ఆయన వాటిని చూడలేదు.

సోడాలు వచ్చాయి. ఎల్లమ్మ ఒకటి తీసుకుని గోళీ నొక్కి చిలకమ్మకు ఇచ్చింది. చిలకమ్మ కుడిచేత్తో పట్టుకుని తాగింది. గొంతు ఎండిపోతోందంది. నుదుటిమీద చెమట ముత్యాల్లా పోసింది. ఎల్లమ్మ కొంగుతో తుడిస్తే నుదురు చల్లగా తగిలింది.

"నొప్పిగా ఉందా అత్తా?"

"భుజం. పొద్దుటి దెబ్బ. ఎడమ భుజం లాగేస్తోంది."

ఎల్లమ్మ పక్కన కూర్చుని భుజం పట్టసాగింది. తర్వాత చిలకమ్మ, ఎదురుగా ఖాళీగా వేలాడుతున్న బెల్టును చూస్తూ, ఎవరికో చెబుతున్నట్టు మొదలుపెట్టింది.

"నేను చూశానే ఎల్లీ."

"ఏంటత్తా?"

"వీరలక్ష్మి కొంగు. బెల్టు మీదికి ఎగరటం చూశా. నేను ఇక్కడున్నా, అది అక్కడుంది. ఇద్దరికీ మూడు రోజుల్నుంచి మాటల్లేవు. దాని పిల్ల ఉట్టిమీద పెరుగు ఒలకబోసిందని నేనో మాటన్నా, అదో మాటంది. ముందు అదే పలకాలని నేను, నేనే పలకాలని అది. కొంగు ఎగరటం చూసి కూడా, నాకెందుకు, ఇంకెవరన్నా చెబుతార్లే అనుకున్నా." ఊపిరి అందక ఆగింది. "కొంగే అంటే చాలు. ఒక్క మాట."

ఎల్లమ్మ చెయ్యి భుజంమీద ఆగిపోయింది. ఈ తొమ్మిది రోజుల దెబ్బలూ, మెడమీద గీతలూ ఎవరో ఒక్కసారిగా తడిమినట్టయింది ఆమెకు. పిల్లకు తెలుసా అని అడిగింది.

"నాంచారికా? అది నన్ను అమ్మా అంటది. ఎట్టా చెప్పను?" చిలకమ్మ కళ్ళు మూసుకుంది. "నేను లేనప్పుడు ఎప్పుడన్నా వస్తే నువ్వు చెప్పు." కాసేపటికి, "వద్దులే," అంది. ఇంకాసేపటికి, "ఇవాళ మాత్రం అరిచా. నువ్వు విన్నావుగా?"

"విన్నానత్తా. మిల్లు చివర్న ఉన్నా, నాకూ వినపడింది."

"వాడు నన్ను కొట్టినవాడేనని అరిచాకగాని గుర్తు రాలా."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో నవ్వులాంటిది వచ్చింది. ఎల్లమ్మ ఆమె నవ్వు చూడడం అదే మొదలు.

గోడ అవతలనుంచి యేసుదాసు వచ్చి, ఇంజను వెయ్యమంటావా అని చిలకమ్మనే అడిగాడు. కట్లు చూడకుండా వెయ్యవద్దంది. తాను లేవలేనని, నువ్వు చూసిరమ్మని ఎల్లమ్మ చేతిలో చింతబరికె పెట్టింది. తొమ్మిది రోజుల దాన్ని, నన్ను ఎవరు లెక్కపెడతారని ఎల్లమ్మ గునిసింది. లెక్కపెట్టకపోతే కొట్టమంది చిలకమ్మ.

ఎల్లమ్మ వెళ్ళింది. పదిమందీ వరసగా నిలబడ్డారు. చీరలమీద యలమంద రక్తం ఎండి అట్టలు కట్టింది. బస్తాల మొగవాళ్ళు కూడా ఒకరొకరే వచ్చి వెనక వరసలో నిలబడ్డారు, తలగుడ్డలు సర్దుకుంటూ. ఎల్లమ్మ మొదటామె కొంగు లాగి చూసింది. రెండో ఆమె ముడి చూసింది. మూడో ఆమె, తన కొంగు చింపి యలమంద జబ్బకు కట్టిన మనిషి. మిగిలిన పీలిక వేలాడుతోంది. ఎల్లమ్మ బరికె ఎత్తింది. ఎత్తి ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత పిక్కలమీద గట్టిగానే వేసింది. ఆమె కిక్కురుమనకుండా వంగి పీలిక బొడ్లో దోపుకుంది.

వరస చివరివాడిదాకా చూశాక, బాగా చేశానా అన్నట్టు ఎల్లమ్మ వెనక్కి తిరిగింది. చిలకమ్మ బస్తాలకు ఆనుకుని, తల కాస్త ఇటు వాల్చి, వీళ్ళవైపే చూస్తోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఒక తవుడు రేణువు ఎగిరి వచ్చి కంటిపాపమీద వాలింది. ఆ కంటి రెప్ప పడలేదు.

ఎల్లమ్మ పరుగెత్తలేదు. ముందు, ఉన్న గొంతంతా పెట్టి అరిచింది. ఇంజను వెయ్యొద్దని ఒకామె పట్టా ముక్క దగ్గరకు పరుగెత్తింది. పట్టా మోగుతూనే ఉంది. అందరూ వెళ్ళి బస్తాల దగ్గర గుమిగూడారు. ఆమె చీర సర్దుతుంటే అప్పుడు కనిపించింది, పొట్ట ఎడమవైపు ఉబ్బి కుండలా గట్టిపడి ఉంది. కోదండరామయ్యగారు మళ్ళీ కారు తీయించబోయి, యేసుదాసు ముఖం చూసి ఆగాడు. బందరు వెళ్ళే బండి గూడ్సు షెడ్డు అవతల కూత పెట్టి వెళ్ళిపోయింది.

నలుగురు ఆడవాళ్ళు ఆమెను ఎత్తారు. ఎముకల గూడులాంటి మనిషి ఇంత బరువుంటుందని వాళ్ళనుకోలేదు. ఎల్లమ్మ తల పట్టుకుంది. ముడి ఊడిపోయిన జుట్టు చేతిమీద పడి ఆడుతుంటే, గుమ్మం దాటకముందే ఆగి, ముడిచి, తన కొంగు చింపి కట్టింది. తర్వాత అందరూ తుంపరలోకి నడిచారు. వాళ్ళ వెనకే మొగవాళ్ళు కూడా వెళ్ళారు. ఆ సాయంత్రం ఇంజను వెయ్యడానికి మిల్లులో ఎవరూ లేరు.

ధాన్యం బస్తాల పక్కన, ఆమె కూర్చున్న చోట, సోడాసీసా నిలబడే ఉంది. సగమే ఖాళీ అయింది. మెడ నొక్కులో గోళీ ఇరుక్కుని ఉంది, అడుగునుంచి బుడగలు ఒక్కొక్కటే పైకి వచ్చి మెల్లగా పగులుతున్నాయి.